చందమామకు టికెట్టు తీశావా, తాతయ్యా?

కిందటి వేసవిలో ఒక రాత్రి మా నాలుగేళ్ళ మనవరాలిని వెంటబెట్టుకుని బస్సులో మా ఊరికి వస్తున్నాను. కిటికీ పక్కన కూర్చున్న పిల్ల చాలాసేపు బయటికి చూసి, ఉన్నట్టుండి నన్ను కుదిపి, "తాతయ్యా! చందమామ మనతోనే వస్తున్నాడు. టికెట్టు తీశావా?" అంది.

చుట్టుపక్కల వాళ్ళంతా గొల్లుమన్నారు. కండక్టరు, "చిన్నపిల్లాడేగా, టికెట్టు అక్కర్లేదులేమ్మా!" అన్నాడు. నేనూ నవ్వాను. పిల్ల మాత్రం నవ్వలేదు. మొహం నా చొక్కాలో దాచుకుని, ఊరు చేరేదాకా మళ్ళీ నోరు విప్పలేదు.

ఆ రాత్రి పడుకుని ఆలోచించాను. ఇంతకీ ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? చెట్లు వెనక్కి పోతున్నాయి. కరెంటు స్తంభాలు వెనక్కి పోతున్నాయి. చందమామ మాత్రం పోవడం లేదు. బస్సుతో పాటు వచ్చేవాళ్ళు ప్రయాణీకులు. ప్రయాణీకులు టికెట్టు తీసుకోవాలి. పరిశీలన సరైనదే, తర్కమూ సరైనదే! తెలియనిది ఒక్కటే, దూరం.

దారి పక్క చెట్టు మనకు నాలుగైదు మీటర్ల దూరంలో ఉంటుంది. బస్సు పది మీటర్లు కదిలితే చాలు, అది వెనకబడిపోతుంది. చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. మనం 10 కిలోమీటర్లు ప్రయాణించినా అది ఆ దూరంలో 38 వేలవ వంతు మాత్రమే. అందుకే చంద్రుడు ఉన్న దిక్కు మారినట్టే కనిపించదు. వెనకబడనివాడు వెంట వస్తున్నట్టే తోస్తాడు.

తప్పుల్లో ఒక తీరు

పసిపిల్లల మాటలను నవ్వి వదిలేయకుండా శ్రద్ధగా విన్న శాస్త్రజ్ఞుడు ఒకాయన ఉన్నాడు. ఆయన స్విట్జర్లాండు దేశస్థుడు జాన్ పియాజే (1896–1980). మొదట్లో నత్తల మీద పరిశోధన చేశాడు. 1920 ప్రాంతంలో పారిస్‌లో బడిపిల్లలకు తెలివితేటల పరీక్షలు పెట్టే పనిలో చేరాడు. అక్కడ లెక్కకు వచ్చేవి ఒప్పు జవాబులు. కాని పియాజే దృష్టి తప్పు జవాబుల మీద పడింది. ఒకే ఈడు పిల్లలు ఒకే రకం తప్పులు చేస్తున్నారు! అంటే అవి తోచినట్టు చెప్పినవి కావు, వాటి వెనుక ఒక ఆలోచన ఉందన్నమాట. సూర్యుడూ చంద్రుడూ తమ వెంట నడిచి వస్తారని చెప్పిన పిల్లలు ఆయనకూ కనిపించారు.

'ఇల్లులు' ఎక్కడినుంచి వచ్చింది?

మా మనవరాలు 'ఇళ్ళు' అనదు, 'ఇల్లులు' అంటుంది. 'చెట్లు' అనదు, 'చెట్టులు' అంటుంది. ఇంట్లో పెద్దలెవరూ అలా అనరు. మరి ఎవరు నేర్పారు? పువ్వు–పువ్వులు, పిల్లి–పిల్లులు, బల్ల–బల్లలు అని వింటూ వింటూ, 'ఒకటి కంటే ఎక్కువైతే చివర లు చేర్చాలి' అన్న సూత్రాన్ని తనే కనిపెట్టింది. వ్యాకరణం పుస్తకం తెరవకుండానే!

1958లో అమెరికాలో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు దీన్ని ఒక చక్కని ప్రయోగంతో చూపింది. పిట్టలాంటి ఒక వింత బొమ్మను పిల్లలకు చూపి, "ఇది వగ్" అని చెప్పింది. తర్వాత అలాంటివే రెండు చూపి, ఇవేమిటని అడిగింది. 'వగ్' అన్నది ఆమె కల్పించిన మాట. పిల్లలు దాన్ని అంతకు ముందెన్నడూ వినలేదు. అయినా చాలామంది "వగ్స్" అన్నారు. పిల్లలు భాషను చిలకపలుకుల్లా వల్లించడం లేదు, దానిలోని సూత్రాలను పట్టుకుంటున్నారని దీనివల్ల తేలింది.

నేను చేసిన పొరపాటు

ఇరవై ఏళ్ళ కిందటి మాట. తరగతిలో భూభ్రమణం పాఠం చెబుతున్నాను. వెనక బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచి, "సార్, భూమి గిర్రున తిరుగుతుంటే పొద్దున మేతకు పోయిన కొంగ సాయంత్రం తన చెట్టుకే ఎట్లా వస్తుంది?" అన్నాడు. సిలబస్ పూర్తిచేయాలన్న తొందరలో ఉన్నాను. "కొంగ నీకంటే తెలివైందిరా!" అన్నాను. తరగతి అంతా ఘొల్లుమంది. ఆ పిల్లవాడు కూర్చున్నాడు. ఆ ఏడాది మళ్ళీ చెయ్యెత్తలేదు.

తర్వాత ఎప్పుడో చదివి తెలుసుకున్నాను. భూమి తన చుట్టూ తాను తిరుగుతుందని ఆర్యభటుడు క్రీ.శ. 499లో చెప్పాడు. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు దాన్ని కాదంటూ, అలాగైతే ఆకాశంలోకి ఎగిరిన పక్షులు గూళ్ళకు ఎలా చేరగలవని అడిగాడు. మా వెనక బెంచీ కుర్రవాడు అడిగిందీ అదే!

జవాబు కష్టమైనదేమీ కాదు. ఒకే వేగంతో పోతున్న బస్సులో రూపాయి బిళ్ళను పైకి ఎగరేస్తే అది మన చేతిలోనే పడుతుంది. బస్సు వేగం దానికీ ఉంది కదా! అలాగే చెట్టూ, కొంగా, గాలీ అన్నీ భూమితో పాటే తిరుగుతున్నాయి. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు నేను ఇవ్వలేదు.

మీరూ చేసి చూడండి

మీ ఇంట్లో నాలుగైదేళ్ళ తమ్ముడో చెల్లెలో ఉంటే రెండు ఒకేరకం గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి చూపండి. తర్వాత వాళ్ళ కళ్ళముందే ఒక గ్లాసులోని నీళ్ళను సన్నగా, పొడవుగా ఉన్న సీసాలోకి వంచి, "ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయి?" అని అడగండి. ఇది కూడా పియాజే చేయించిన ప్రయోగమే. ఆ వయసు పిల్లలు చాలామంది సీసావైపే చూపిస్తారు. ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి సమానమే అంటారు. ఏ జవాబు వచ్చినా నవ్వకండి, వెంటనే దిద్దకండి. "ఎందుకని?" అని అడిగి, వాళ్ళన్న మాటను అన్నట్టే నోటు పుస్తకంలో రాసుకోండి.

మర్నాడు రాత్రి నేనూ అదే చేశాను. మనవరాలిని వీధిలోకి తీసుకువెళ్ళి, "నువ్వు అటు నడువు, నేను ఇటు నడుస్తాను. చందమామ ఎవరి వెంట వస్తాడో చూద్దాం" అన్నాను. వేపచెట్టుదాకా నడిచి, పరుగెత్తుకుంటూ వచ్చింది.

"నా వెంటే వచ్చాడు తాతయ్యా!"

"నా వెంట కూడా వచ్చాడమ్మా."

పిల్ల కాసేపు ఆకాశంలోకి చూసింది. "అయితే ఇద్దరు చందమామలున్నారా?" అంది.

ఈసారి నేను నవ్వలేదు. "ఎలా కనుక్కుందాం?" అన్నాను.