జావా కోర్సు పూర్తయిందా? మరి ఆ రూ.500 ఏమయ్యాయో చెప్పగలరా.. బ్యాకెండ్ ట్రైనింగ్‌లో అసలు నేర్చుకోవాల్సింది ఇదే!

ఒకే బ్యాంకులో రెండు ఖాతాలు ఉన్నాయనుకోండి. మొదటి ఖాతా నుంచి రెండో ఖాతాకు 500 రూపాయలు పంపారు. మొదటి ఖాతాలో డబ్బు కట్ అయింది. రెండో ఖాతాలో వేసేలోపే సర్వర్‌లో ఎర్రర్ వచ్చింది. ఇప్పుడు ఆ 500 ఎక్కడున్నట్టు?

కోడ్ సరిగ్గా రాసి ఉంటే మొదటి ఖాతాలోనే ఉంటాయి. తప్పుగా రాస్తే ఎక్కడా ఉండవు. ఈ తేడా తెలిసినవాళ్లే అసలైన బ్యాకెండ్ ప్రోగ్రామర్లు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో నెలల తరబడి జావా నేర్చుకున్నా చాలామంది ఇక్కడే తడబడతారు. ఎందుకో చూద్దాం.

బిజినెస్ కాంపోనెంట్ అంటే?

మనకు ఫోన్‌లో కనిపించేది స్క్రీన్ మాత్రమే. ఖాతాలో బ్యాలెన్స్ ఉందా, లిమిట్ దాటిందా, ఎంత కట్ చేయాలి లాంటి నిర్ణయాలన్నీ సర్వర్‌లో జరుగుతాయి. ఆ పని చేసే కోడ్ ముక్కనే బిజినెస్ కాంపోనెంట్ అంటారు. బ్యాంకు, బీమా, టికెట్ బుకింగ్.. ఏ పెద్ద అప్లికేషన్‌కైనా ప్రాణం అదే.

అయితే అసలు లెక్కతో పాటు ఇంకా బోలెడు పనులుంటాయి. వేలమంది ఒకేసారి వస్తే తట్టుకోవాలి. ఎవరికి అనుమతి ఉందో చూడాలి. మధ్యలో ఆగిపోతే మొత్తం వెనక్కి తిప్పాలి. ఇవన్నీ ప్రతి కంపెనీ సొంతంగా రాసుకోవడం పెద్ద తలనొప్పి. అందుకే సన్ మైక్రోసిస్టమ్స్ 1998లో ఎంటర్‌ప్రైజ్ జావా బీన్స్ 1.0 తెచ్చింది. షార్ట్‌గా ఈజేబీ. ప్రోగ్రామర్ బిజినెస్ రూల్ మాత్రమే రాస్తే చాలు, మిగతాది ‘కంటైనర్’ చూసుకుంటుంది. ఇదీ ఐడియా.

మరి స్ప్రింగ్ ఎందుకొచ్చింది?

ఐడియా బాగుంది కానీ వాడకం కష్టమైంది. అప్పట్లో ఒక్క చిన్న కాంపోనెంట్ రాయాలన్నా రెండు ఇంటర్‌ఫేస్‌లు, ఒక క్లాస్, పైన పొడవాటి ఎక్స్ఎంఎల్ ఫైల్ తప్పేవి కావు. ఇంత అవసరమా అని ప్రశ్నిస్తూ రాడ్ జాన్సన్ 2002లో ఒక పుస్తకం రాశారు. అందులోని కోడ్ నుంచే స్ప్రింగ్ పుట్టింది. 2004లో 1.0 వెర్షన్ వచ్చింది. తర్వాత 2006లో ఈజేబీ 3.0 కూడా అనోటేషన్లతో బాగా తేలికైంది. 2014లో స్ప్రింగ్ బూట్ 1.0 వచ్చాక కోచింగ్ సిలబస్‌లు కూడా అటే మళ్లాయి.

పేర్లు మారాయి, ఐడియా మారలేదు. మీ కోడ్ చుట్టూ ఒక కాపలాదారు ఉంటాడు. బయటి నుంచి వచ్చే ప్రతి కాల్ అతని ద్వారానే లోపలికి వెళ్తుంది. ఆ కాపలాదారు ఏం చేస్తాడో తెలియకుండా అనోటేషన్లు బట్టీ పడితే.. చిక్కులు తప్పవు.

ఈ మూడు చోట్లే దెబ్బ పడేది

1. రోల్‌బ్యాక్ అన్నిసార్లూ జరగదు: మెథడ్ పైన ‘ట్రాన్సాక్షనల్’ అని రాస్తే ఏ ఎర్రర్ వచ్చినా డబ్బు వెనక్కి వస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ స్ప్రింగ్‌లో డిఫాల్ట్‌గా రన్‌టైమ్ ఎక్సెప్షన్, ఎర్రర్ రకాలకే రోల్‌బ్యాక్ అవుతుంది. చెక్డ్ ఎక్సెప్షన్ బయటికొస్తే అప్పటిదాకా జరిగింది సేవ్ అయిపోతుంది. అంటే 500 కట్ అయింది, అవతల పడలేదు! ‘రోల్‌బ్యాక్ ఫర్’ అని విడిగా చెప్పాలి. ఎర్రర్‌ను ట్రై-క్యాచ్‌లో పట్టేసి ఊరుకున్నా ఇదే పరిస్థితి. తప్పు జరిగిందని కాపలాదారుకు తెలియదు కదా!

2. ఆబ్జెక్ట్ ఒక్కటే, యూజర్లు వేలమంది: స్ప్రింగ్ సర్వీస్ క్లాస్‌కు మామూలుగా ఒక్క ఆబ్జెక్టే తయారవుతుంది. అందరి రిక్వెస్టులూ దానికే వెళ్తాయి. కస్టమర్ నంబర్‌ను క్లాస్ వేరియబుల్‌లో దాచారో.. ఒకరి వివరాలు ఇంకొకరికి కనిపించే ప్రమాదం ఉంది. మీ ల్యాప్‌టాప్‌లో ఒక్కరే టెస్ట్ చేస్తే ఈ తప్పు బయటపడదు.

3. లోపలి కాల్‌కు కాపలా లేదు: అదే క్లాస్‌లోని ఒక మెథడ్ ఇంకో మెథడ్‌ను నేరుగా పిలిస్తే, ఆ కాల్ కాపలాదారు దగ్గరికే వెళ్లదు. రెండో మెథడ్ పైన రాసిన ట్రాన్సాక్షనల్ పనిచేయదు.

డెమో క్లాస్‌లో ఏం అడగాలి?

ఫీజు కట్టే ముందు పై మూడింట్లో ఏదో ఒకటి అడగండి. బోర్డు మీద కాకుండా రన్ చేసి చూపిస్తే మంచి ట్రైనరే. మెటీరియల్ కూడా ఓసారి చూడండి. 2022లో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3కి కనీసం జావా 17 కావాలి. ‘జావాఎక్స్ పర్సిస్టెన్స్’ అనే పాత పేరు కూడా ‘జకార్తా పర్సిస్టెన్స్’ అయింది. ఇంకా పాత పేరుతోనే నోట్స్ ఇస్తుంటే.. ఆ కోడ్ కొత్త వెర్షన్‌లో కంపైల్ కూడా కాదు.

అలాగని ఈజేబీ పూర్తిగా వదిలేయకండి. ఏళ్ల క్రితం కట్టిన పెద్ద అప్లికేషన్లలో అది ఇప్పటికీ ఉంది. వాటిని నడిపేవాళ్లూ, కొత్తవాటిలోకి మార్చేవాళ్లూ కావాలి. కంటైనర్ ఐడియా అర్థమైతే రెండూ చదవగలరు.

ఇంట్లోనే చేసి చూడండి

ఓపెన్‌జేడీకే, స్ప్రింగ్ బూట్, పోస్ట్‌గ్రెస్ అన్నీ ఉచితమే. రెండు ఖాతాలతో ఒక టేబుల్ చేయండి. డబ్బు కట్ చేశాక, అవతల వేసేముందు మీరే కావాలని చెక్డ్ ఎక్సెప్షన్ విసరండి. తర్వాత టేబుల్ తెరిచి రెండు బ్యాలెన్స్‌లూ కలపండి. 500 తగ్గిందా? ఎందుకు తగ్గిందో చెప్పి, సరిచేయగలిగితే.. ఇంటర్వ్యూలో ధైర్యంగా కూర్చోవచ్చు.