మన జట్టు



నేటి నా ప్రసంగము ఒక క్రికెట్టు జట్టును గూర్చినది. ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు శబ్దములును, సంధులును, గణవిభజనమును చెప్పి విశ్రాంతి గైకొన్న పండితునికి ఈ గొడవ యేల యని మీలో కొందఱు నవ్వవచ్చును. మా యింటిలోను ఈ నవ్వు లేకపోలేదు. అయినను, హైదరాబాదు నగరమునకు తూర్పుననున్న దిల్‌సుఖ్‌నగరులో కాపురముండు నేను, సన్‌రైజర్సు హైదరాబాదు అను జట్టు ఆడిన ఆటలను 2013 మొదలుకొని విడువక చూచుచు, నోటుపుస్తకములలో వ్రాసికొనుచు వచ్చిన మాట నిజము. వ్రాయు పద్ధతి నాదే. పరుగు రాని బంతికి లఘువు, పరుగు వచ్చిన బంతికి గురువు, వికెట్టు పడినచో ప్రక్కన నొక చుక్క. మా పూర్వవిద్యార్థి యొకడు ఆ పుస్తకమును చూచి, యిదియే వృత్తమండీ మాస్టారూ యని యడిగినాడు.

ఈ విషయమును మీ యెదుట పెట్టుటకు కారణము కలదు. 2024 మే 27వ తేదీ ఉదయము నేను ఎల్బీనగరు కూడలిలో నిలుచుంటిని. నల్లగొండ, సూర్యాపేట వైపు పోవు బస్సులకై జనులు కాచుకొనుచోటది. తలపాగ చుట్టుకొన్న పెద్దమనుష్యుడొకడు నన్ను పలుకరించెను. ఆయన మనుమడు దిల్‌సుఖ్‌నగరులో హాస్టలు గదిలో నుండి సర్కారు కొలువు పరీక్షలకు చదువుచున్నాడట. వానిని చూచి పోవుటకై వచ్చినాడట.

“సారూ, మా పోరడు రాత్రి బువ్వ తినలే. ఏమైందిరా అంటే, మనోళ్లు ఓడిపోయిన్రు తాతా అన్నడు. మనోళ్లంటే ఎవరు సారూ? మన జిల్లోళ్లా?”

ముందటి రాత్రి చెన్నపట్నములో జరిగిన చివరి పోటీలో మా జట్టు 113 పరుగులకే కుప్పగూలి, కలకత్తా జట్టు చేతిలో ఓడినది. అట్టి పోటీలలో అంత తక్కువ పరుగులు అంతకుముందే జట్టును చేసియుండలేదు. నాకును ఆ రాత్రి అన్నము సయించలేదని ఆయనతో చెప్పలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పితిని. జట్టు నాయకుడు కమిన్సు ఆస్ట్రేలియా దేశీయుడు. ముందుగా ఆడు హెడ్ కూడ ఆ దేశపువాడే. క్లాసెన్ దక్షిణాఫ్రికావాడు, అభిషేక్ శర్మ పంజాబువాడు, భువనేశ్వర్ కుమారు మీరటు వాడు. జట్టు యజమానులు చెన్నపట్నమువారు. ఆ రాత్రి ఆడినవారిలో తెలుగువాడు విశాఖపట్నపు నితీశ్ కుమార్ రెడ్డి యొక్కడే.

“మరి మనోళ్లెట్లయిన్రు సారూ?” అని ఆయన యడిగెను. ఇంతలో బస్సు వచ్చినది. నా యుత్తరము నోటనే యుండిపోయినది.

మొదట ఆ వ్యవహారమును తెలుపవలెను. ఈ ఆటలో ఒక్కొక్క జట్టునకు పదునొకండ్రు. ఒక్కొక్కరికి 20 ఓవరులు, అనగా 120 బంతులు. ఆ బంతులలో ఎవరెక్కువ పరుగులు తీసిరో వారిది గెలుపు. బంతివేయువాడు ఎంత నేర్పరియైనను 4 ఓవరులకు మించి వేయరాదు. ఇండియన్ ప్రీమియర్ లీగు అను నీ పోటీ 2008లో మొదలైనది. జట్టునకు ఊరి పేరుండునుగాని, ఆటగాండ్రు ఆ యూరివారు కానక్కరలేదు. వారిని వేలములో కొందురు. ఎల్బీనగరునకు దాపుననున్న బాలాపూరు గణపతి లడ్డు వేలము మీరెఱుగుదురు గదా. 1994లో 450 రూపాయలకు పాడిన ఆ లడ్డు 2024లో 30 లక్షలు దాటినది. ఆటగాండ్ర వేలమును ఇట్టిదే. కమిన్సును 2023 డిసెంబరులో దుబాయి పట్టణమున 20 కోట్ల 50 లక్షలకు పాడిరి. అదే దినమున కలకత్తావారు స్టార్కు అనువానిని 24 కోట్ల 75 లక్షలకు పాడిరి. నేను చెప్పిన చివరి పోటీలో మొదటి ఓవరులోనే మన అభిషేకు వికెట్టును కూల్చినవాడు ఆ స్టార్కే. లడ్డునకును ఆటగానికిని భేదమేమనగా, లడ్డు పాడినవానింటికే పోవును. ఆటగాడు మాత్రము కొన్ని యేండ్లకు మరల వేలమునకు వచ్చి, నిన్నటి మనవాడు నేడు ఎదిరియై నిలుచును. పదునొకండ్రలో పరదేశులు నలుగురికి మించరాదను కట్టుబాటు మాత్రము కలదు.

హైదరాబాదునకు మొదట వచ్చిన జట్టు పేరు డెక్కన్ చార్జర్సు. 2008లో మన లక్ష్మణుని నాయకత్వమున ఆడి అందఱికంటె చివర నిలిచినది. మఱుసటి యేట గిల్‌క్రిస్టు నాయకుడుగా, దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీలో బెంగుళూరును 6 పరుగులతో గెలిచి కప్పు తెచ్చినది. 2012లో ఆ జట్టు రద్దయినది. చెన్నపట్నపు సన్ టీవీవారు క్రొత్తజట్టును కొని, నారింజరంగు చొక్కాలు తొడిగించిరి.

ఇక నేనా జట్టునకు కట్టుపడిన దినమును చెప్పెదను. 2013 ఫిబ్రవరి 21 సాయంకాలము ఏడుగంటల వేళ దిల్‌సుఖ్‌నగరు బస్సులు ఆగుచోట బాంబులు ప్రేలి అనేకులు మరణించిరి. చనిపోయినవారిలో చదువుకొనుటకై పల్లెలనుండి వచ్చిన పిల్లలును గలరు. ఆ పిమ్మట చాల దినములు మా వీధిలో చీకటి పడకమునుపే తలుపులు మూసికొనిరి. హాస్టళ్లు సగము ఖాళీ అయినవి. టిఫిను బండ్లవారు దీపములు పెట్టుటకు వెఱచిరి. పల్లెలనుండి తల్లిదండ్రులు వచ్చి పిల్లలను తీసికొనిపోవుచుండిరి. అది జరిగిన 43వ దినమున, ఏప్రిల్ 5న, ఉప్పలు మైదానములో క్రొత్తజట్టు తన మొదటి ఆట ఆడినది. 126 పరుగులు మాత్రమే చేసి, పూనావారిని 104 పరుగులకే ఆపి 22 పరుగులతో గెలిచినది. ఆటగా చూచిన నది గొప్ప ఆట కాదు. కాని ఆ రాత్రి మా ప్రక్క హాస్టలులో మిగిలియున్న పిల్లలు మేడమీదికి టీవీని మోసికొనిపోయి, నన్నును రమ్మనిరి. ఆట ముగియుసరికి అర్ధరాత్రి కావచ్చినది. ఆటను మరచి క్రిందికి చూచితిని. టిఫిను బండి దగ్గఱ దీపము వెలుగుచున్నది. పదిమంది పిల్లలు దోసెలు తినుచు వాదులాడుకొనుచుండిరి. మఱునాడు నేను నోటుపుస్తకము కొంటిని.

ఆ తొలినాళ్ల జట్టు నా మనస్సునకు నచ్చినది. బంతివేయుటలో నేర్పు దాని బలము. కొద్ది పరుగులు చేసి, వానినే కాపాడుకొను జట్టది. 2018 ఏప్రిల్‌లో బొంబాయిలో 118 పరుగులు మాత్రమే చేసి, బొంబాయివారిని 87కే ముగించినది. అన్నింటికంటె 2016 మే 29న బెంగుళూరులో జరిగిన చివరి పోటీని చెప్పవలెను. వార్నరు నాయకత్వమున మనవారు 208 పరుగులు చేసిరి. బెంగుళూరువారు పదియవ ఓవరు దాటుసరికి ఒక్క వికెట్టును పోగొట్టుకొనకయే 114 చేసిరి. నేను పుస్తకము మూసితిని. మా యింటిది చూచి, మూసినచో ఆట ఆగునా యనెను. మరల తెఱచితిని. ఆ రాత్రి భువనేశ్వర్ కుమారు వేసిన నాలుగు ఓవరులను నేనిప్పటికిని తీసి చూచుచుందును. ఇరువైపుల కలిపి 408 పరుగులు వచ్చిన ఆటలో, అతడు 24 బంతులకు ఇచ్చినది 25 పరుగులు. ఆయన పేరిట ఒక్క వికెట్టును లేదు. అందుచేత మఱునాటి పత్రికలు కటింగ్ అనువానిని పొగడినవి. అతడును బహుమతికి తగినవాడే. కాని చివరి ఓవరులో 18 కావలసియుండగా 9 మాత్రమే ఇచ్చి, 8 పరుగుల గెలుపు తెచ్చినవాడు భువనేశ్వరుడు. ఇంటిలో దీపము వెలిగించినవానిని చూచుదురుగాని, గాలికి చేయి అడ్డుపెట్టినవానిని చూడరు.

ఆ వార్నరు సంగతియు ముచ్చట గొలుపునది. ఆస్ట్రేలియావాడయ్యు, 2020లో అందఱు ఇండ్లలో మూతపడియున్న కాలమున, భార్యాబిడ్డలతో తెలుగు సినిమా పాటలకు నాట్యమాడి చూపెను. మన పల్లెలలో సైత మాతనిని ఎఱుగనివారు లేకపోయిరి. 2021లో అతనిని నాయకత్వమునుండి తొలగించిరి. ఆ యేడు జట్టు అందఱికంటె చివర నిలిచినది. 2023లో మరల చివరనే నిలిచినది.

2024లో జట్టు రూపమే మాఱినది. మార్చి 27న ఉప్పలులో బొంబాయిపై 277 పరుగులు, ఏప్రిల్ 15న బెంగుళూరుపై 287 పరుగులు చేసిరి. ఢిల్లీలో మొదటి ఆఱు ఓవరులలోనే వికెట్టు పోకుండ 125 చేసిరి. నా పుస్తకములో లఘువులు కఱవై, వరుసలన్నియు గురువులే. పిల్లలు ఆనందముతో కేకలు వేసిరి. నాకును ఆనందమే. అయితే పరుగెత్తుటయే యెఱిగి నిలుచుట యెఱుగని యెద్దువలె నీ జట్టు ఎప్పుడో బోర్లపడునని అనుమానముండెను. మే 26న పడినది.

ఇప్పుడు ఆ నల్లగొండ పెద్దమనుష్యుని ప్రశ్నకు వత్తును. అది నా మనస్సున ముల్లువలె నాటుకొని, 2025 ఏప్రిల్ 6న మఱింత లోతునకు దిగినది. ఆనాడు ఉప్పలులో మన జట్టు గుజరాతుతో ఆడినది. గుజరాతు పక్షమున బంతి వేసినవాడు మహమ్మదు సిరాజు. ఇతడు హైదరాబాదు బిడ్డ. తండ్రి ఆటోరిక్షా నడిపి పెంచినాడు. 2020లో సిరాజు ఆస్ట్రేలియాలోనుండగా ఆ తండ్రి గతించెను. కుమారుడు తిరిగి రాక అచ్చటనే నిలిచి ఆడినాడు. 2017లో అతడు మన జట్టువాడే. తరువాతి వేలములలో బెంగుళూరునకును, గుజరాతునకును పోయినాడు. ఆ రాత్రి తన యూరి మైదానములో, తన యూరి పేరు పెట్టుకొన్న జట్టును 17 పరుగులిచ్చి 4 వికెట్లతో కూల్చినాడు. గుజరాతు 7 వికెట్లతో గెలిచినది.

మేడమీద పిల్లలు ముప్పదిమంది యుందురు. హెడ్ వికెట్టు మొదటి ఓవరులోనే పడగా, సగముమంది తమకు తెలియకయే చప్పట్లు కొట్టిరి. కొట్టి, ఒకరి మొగము నొకరు చూచుకొనిరి. ఒకడు “మనోడేరా తీసింది” అనెను. వేఱొకడు “మనోళ్లదేరా పడింది” అనెను. ఎవరును నవ్వలేదు. ఇట్టి చిక్కు అంతకుమునుపును కలిగినది. 277 పరుగుల నాటి ఆటలో బొంబాయి పక్షమున 34 బంతులలో 64 పరుగులు తీసిన తిలక్ వర్మయు హైదరాబాదువాడే గదా.

పూర్వపు హైదరాబాదు జట్టు పేరును ఊరును ఒకటిగా గలది. 1937-38లో ఐబారా యను వీరుడు చివరివఱకు ఓడక నిలువగా, ఒక్క వికెట్టు తేడాతో నవానగరును గెలిచి రంజీ కప్పు తెచ్చినది. 1986-87లో ఢిల్లీని మీఱి మరల తెచ్చినది. అది నిస్సంశయముగా మన జట్టు. కాని నిజము చెప్పవలెనన్న, నేడు దాని యాట చూచుటకు ఉప్పలునకు ఎందఱు పోవుదురు? నేనును పోలేదు. కొన్న జట్టు ఆడునప్పుడు మాత్రము ఎల్బీనగరు నుండి రెండుమూడు క్రోసుల త్రోవ బస్సులలో నిలుచుండి పోవుదుము.

ఆ రాత్రి పడకమీద నాకు పిల్లల మాటయే చెవిలో మ్రోగినది. “మనోడు”, “మనోళ్లు”. బడిలో నేను ఎన్నిసారులో చెప్పిన పాఠమే యది. సంస్కృతమున “అస్మాకమ్” అను నొక్క మాటతో సరిపెట్టుదురు. ఇంగ్లీషునను అంతే. తెలుగున “మా” వేఱు, “మన” వేఱు. “మా యూరు” అనిన వినువాడు అందులో లేడు. “మన యూరు” అనిన వినువాడును అందులోనివాడే. ఆ పిల్లలు జట్టును “మావాళ్లు” అని యెన్నడును అనరు. జట్టుమీద హక్కు చెప్పుటకు వారెవరు? నల్లగొండ పిల్లవాడు, శ్రీకాకుళపు పిల్లవాడు, పాలమూరు పిల్లవాడు ఒకే గదిలో నాలుగు మంచములు వేసికొని, పరీక్ష తప్పునేమో యని భయపడుచు బ్రతుకుచున్నారు. వారిలో నొకడు “మనోళ్లు” అన్నప్పుడు, ఎదుటనున్నవానిని కలుపుకొనుచున్నాడు. కమిన్సు ఏ దేశపువాడైన నేమి? ఆ మాట కమిన్సునుద్దేశించినది కాదు.

నల్లగొండ పోరడు తాతతోనే “మనోళ్లు” అన్నాడు గదా. బంతి యేదో, ఓవరు ఏదో తెలియని తాతను అడుగకయే కలుపుకొన్నాడు. ఆయన అడుగవలసిన ప్రశ్న, నా యుత్తరము, రెండును ఆ మాటలోనే యున్నవి. వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన నాకే బస్సు వచ్చువేళకు తట్టలేదు.

ఆ పెద్దమనుష్యుడు మరల నాకు కనబడలేదు. ఎల్బీనగరు పోయినప్పుడెల్ల ఆ బస్సుల దగ్గఱ కొంతసేపు నిలిచి చూచుచుందును. ఊరి పేరైనను అడిగితిని కాను. ఈ ప్రసంగమును ఆయన వినుచున్నచో, ఆటలు మార్చి నెలలో మొదలగుననియు, మా మేడమీద చోటున్నదనియు మనుమనితో చెప్పవలెను. తానును రావచ్చును.

ఇక సెలవు.