కొన్న కట్టలోనే విత్తనం

సెలవు రోజున దుకాణంలో పుదీనా కట్ట కొంటాం. సగం కూరలో పడుతుంది, మిగతాది మూడో రోజుకు నల్లబడుతుంది. అన్నలారా, ఆ కట్టలోంచే నాలుగు ముదురు కాడలు తీసి, కింది ఆకులు తుంచి, నీళ్ల గ్లాసులో పెట్టండి. పది రోజుల్లో వేర్లు వస్తాయి. చిల్లులు పెట్టిన నూనె డబ్బాలో నాటితే గదిలో ఆరుగురికి పచ్చడి కాకపోయినా మజ్జిగలోకి సరిపోతుంది.

మెంతికూర ఇంకా తేలిక. పోపు డబ్బాలోని మెంతులే విత్తనం. రాత్రి నానబెట్టి చల్లితే వారంలోపే మొలక, మూడు నాలుగు వారాల్లో కోత. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు; మనం తాగకూడదు గానీ మొక్కకు మంచివి. ఉత్త ఇసుకలో బలం ఉండదు, మట్టి సంచి కొనాల్సిందే. ఖర్చంతా అక్కడే.

గోంగూర మాత్రం కొనుక్కోవడమే నయం. పప్పులోకి కట్టలు కావాలి, డబ్బాలో నాలుగు మొక్కలు ఏ మూలకు? ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నపు ఎండలో మనకే పని ఆపుతారు; ఆ నెలల్లో డబ్బా మొక్క నిలవదు. అక్టోబర్‌లో మొదలుపెట్టండి.

ముందు క్యాంప్ బాస్‌ను అడగండి. మేం అడగలేదు. తనిఖీ రోజున మా డబ్బాలన్నీ చెత్తబండి ఎక్కాయి. ఆ పూట గదిలో ఎవరూ మాట్లాడలేదు. కిటికీలో గ్లాసు ఒకటి మిగిలింది, అందులో మూడు కాడలు. వాటితోనే మళ్లీ వేశాం.