ఇచ్చిన చెయ్యే చాచిన వేళ

మొన్న వేసవిలో అడ్డతీగల సంతకు కూరలకని వెళ్ళి, జీడిపిక్కల బేరం దగ్గర ఆగిపోయాను. మా కాలేజీ కొండరెడ్ల కుర్రాడొకడు తండ్రితో కలిసి బస్తా దించుతున్నాడు.

"మాష్టారూ, ఈ పిక్కలన్నీ చివరికి ఎక్కడికి పోతాయండీ?"

"ఒకప్పుడయితే చాలామటుకు రష్యాకోయ్. మన జీడిపప్పు రూపాయల లెక్కన తెగ కొనేవారు."

"ఇప్పుడో?"

కొన్న సోవియట్ యూనియనే లేదు గదా! విశాఖ ఉక్కు కర్మాగారానికి వారితో ఒప్పందం కుదిరింది 1979లో. పి.వి. నరసింహారావుగారు దాన్ని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. అప్పటికి ఆ దేశం కాలం చేసి ఏడు నెలలు. ఆ ఫిబ్రవరిలోనే అమెరికా విమానాలు అక్కడికి తిండీ మందులూ మోశాయి. మనకు కొలిమి పెట్టిచ్చిన వారింట పొయ్యి రాజెయ్యడానికి ఇరుగుపొరుగు రావలసివచ్చిందన్నమాట! హైదరాబాదు చెంత రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్.కు తోడ్పడిన చెకోస్లోవేకియా కూడా సాయం పుచ్చుకునే వరసలో నిలబడింది.

ఆ సాయం పేరు 'ఫార్'. ఫ్రెంచిలో దీపస్తంభమని అర్థం. పశ్చిమ ఐరోపా వారు 1989లో పోలండు, హంగేరీల కోసం మొదలుపెట్టారు. డబ్బుతోబాటు సలహాదార్లూ దిగారు. వార్సాలో మారియట్ హోటల్లో బసచేసి, నాలుగు మాటలు చెప్పి విమానమెక్కే ఈ పెద్దమనుషులకు 'మారియట్ దండు' అని పేరుపడింది. చదివి నవ్వుకున్నాను. పొద్దున్న జీపు దిగి, చీకటి పడకముందే ఘాటురోడ్డు దిగిపోయేవారిని మా మన్యంలో చూడనిదెవరు?

అలాగని సాయమంతా బూడిదలో పోసిన పన్నీరనను. 1991లో అప్పిచ్చిన ప్రభుత్వాలు పోలండు బాకీలో సుమారు సగం వదులుకున్నాయి. ఆ దేశానికి ఊపిరాడింది. 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరి, నేడు తానే పరులకు పెడుతోంది. నన్నడిగితే వంద సలహాలకన్నా ఆ మాఫీయే మేలు చేసింది.

"మరి రష్యాకి మన బాకీ లేదాండీ?" అన్నాడు కుర్రాడు.

లేకేం! 1993 జనవరిలో యెల్ట్సిన్ ఢిల్లీ వచ్చినప్పుడు లెక్క తేల్చుకున్నారు. మనం కట్టే రూపాయలతో వారు మన సరుకులే కొనుక్కోవాలని ఏర్పాటు.

"సరుకుతోనే బాకీ తీర్చారా బాబూ?" తండ్రి మొదటిసారి నోరు విప్పాడు. "మరి ధర ఎవరు కట్టారు?"

నేను జవాబు వెతుక్కునేలోపే షావుకారు కాటా ఎత్తాడు. వానాకాలం ఇచ్చిన అప్పు ఆ పిక్కల్లోనే జమ. ధర ఆయన చెప్పిందే.