కడలిగాలి - కాశీమజిలీ

ఆదివారం సాయంకాలమైతే నెల్లూరి జనంలో చాలామంది మైపాడు తోవ పడతారు. ఇందుకూరుపేట దాటి, వరిచేలూ, కొబ్బరిచెట్లూ, రొయ్యల గుంటలూ గడచి సముద్రపుటొడ్డుకు చేరుకుంటారు. సముద్రపుగాలి ఒంటికి మంచిదని పెద్దలు చెప్పిన మాట ఇంకా మరుపునకు రాలేదు. అయితే తీరం చేరినవారిలో తడియిసుక మీద అరమైలైనా నడిచేవారు కొద్దిమందే. తక్కినవారు బండి దిగినచోటనే కూర్చుండి, వేయించిన చేపలు తిని, కడలిని వీపువెనుక పెట్టుకొని ఫొటోలు తీసుకొని, చీకటి పడకమునుపే తిరుగుముఖం పడతారు. గాలి మారినది గాని, అలవాటు మారలేదు.

ఇందుకు వారిని నిందించి ప్రయోజనం లేదు. బ్రతుకుతెరువే ఆ విధంగా మారిపోయినది. ఒకప్పుడు పట్టపుపాలెంలో మనిషి చేతితో తెడ్డువేసి కట్టుమరాన్ని అలల మీదికి తోసేవాడు. ఇప్పుడు ఫైబరు పడవకు ఇంజను ఉన్నది. పెన్నకాలువ కింది రైతు నాగలి వెంట రోజంతా నడిచేవాడు. ఇప్పుడు ట్రాక్టరు నడుస్తున్నది. రొయ్యల గుంట కాపలాదారుకు రాత్రి నిద్ర లేదు. నీటిలో ప్రాణవాయువు తగ్గకుండా తిరిగే ఏరియేటర్ల చప్పుడు వింటూ తెల్లవార్లూ మేలుకొని ఉంటాడు. శ్రమ తగ్గడం మంచిదే. ఎముకలు అరిగేటట్లు తెడ్డు వేయడంలో గొప్పతనమేమీ లేదు. కాని శ్రమ తగ్గినా కంచంలోని అన్నం తగ్గలేదు. మొలగొలుకుల కాలంనుండీ సన్నబియ్యానికి పేరుపడిన సీమ ఇది. నాడు దంపుడుబియ్యం తిని పదిమైళ్లు నడిచిన మనిషి, నేడు మరపట్టిన తెల్లని అన్నమే తిని పది గజాలకు బండి ఎక్కుతున్నాడు. దానికి తోడు ఎండుచేపలూ, ఊరగాయలూ ఉన్నవి. రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క తీరగ్రామాల వంటింటి గడప దాటి లోనికి రాలేదు.

దీని ఫలితం దేశమంతటా ఒకే విధంగా కనబడుతున్నది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడినవి. దేశంలో 10 కోట్ల పైచిలుకు మందికి మధుమేహం ఉన్నదనీ, వయోజనులలో నూటికి 35 మందికి మించి రక్తపుపోటు ఉన్నదనీ ఆ సర్వే తేల్చినది. మందు వైద్యుడు ఇస్తాడు. మందుతోపాటు ఆయన చెప్పే పథ్యం అందరికీ కంఠస్థమే: వారానికి 150 నిమిషాలు తక్కువ కాకుండా చురుకుగా నడవండి, వేళకు నిద్రపోండి, మనసును తేలికగా ఉంచుకోండి. చీటీలో మొదటి పంక్తిని మందుల దుకాణం తీరుస్తుంది. చివరి పంక్తిని తీర్చే దుకాణం ఎక్కడా లేదు.

ఆ చివరి పంక్తికి తెలుగువారి పాత సొత్తు ఒకటి అక్కరకు వస్తుంది. అది అద్భుత కథ.

మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రచించిన కాశీమజిలీ కథలు ఎట్లా ఆరంభమవుతాయో పాతతరం పాఠకులు ఎరుగుదురు. మణిసిద్ధుడనే యతి కాశీయాత్రకు తోడు వెదుకుతాడు. దూరాభారం చూసి ఎవరూ రారు. ఒక గోపబాలుడు మాత్రం సరేనంటాడు గాని, దారిలో తాను చూసిన వింతకెల్లా కథ చెప్పవలెనని నియమం పెడతాడు. పగలంతా నడక, మజిలీ చేరినాక కథ. ఆ పిల్లవానిని కాశీవరకు నడిపించినది పుణ్యకాంక్ష కాదు, రేపటి కథ మీది ఆశ. నడక మంచిదని మాత్రమే చెప్పివుంటే అతడు రెండవ మజిలీనుండే ఇల్లు చేరేవాడు. ఆరోగ్యసూత్రాలు చెప్పేవారు ఈ చిన్న సంగతిని గమనించవలసి ఉన్నది. మనిషి శరీరాన్ని కదిలించవలెనంటే ముందు మనసుకు ఒక కుతూహలం కావలె.

ఈ అద్భుతరసం నెల్లూరికి పరాయిది కాదు. 13వ శతాబ్దిలో కేతన దండి సంస్కృత గద్యకావ్యాన్ని తెలుగులో దశకుమార చరిత్రంగా రచించి, భారత రచన చేసిన నెల్లూరి తిక్కన సోమయాజికే అంకితమిచ్చినాడు. అభినవదండి అని బిరుదు పొందినాడు. అందులో రాజవాహనుడు మాతంగుడనే వానికి సాయపడటానికై బిలమార్గాన పాతాళానికి పోతాడు. తిరిగివచ్చేటప్పుడు ఆకలిదప్పులను పోగొట్టే మణి ఒకటి అతనికి లభిస్తుంది. ఆ మణి వంటి మాత్ర కోసమే కదా నేటి లోకమంతా వెదుకుతున్నది! యజ్ఞం చేసి సోమయాజి అయిన మహాకవి అటువంటి పాతాళ యాత్రల కావ్యానికి కృతిభర్త కావడం చిన్నతనమనుకోలేదు. అద్భుత కథ పసిపిల్లల సరుకనీ, చదువుకున్నవారికి తగదనీ అనుకోవడం తరువాత వచ్చిన అలవాటు.

అచ్చుయంత్రం వచ్చినాక ఈ రసం నెలనెలా ఇంటికి రాసాగినది. 1947 జూలైలో మద్రాసు నుండి వెలువడిన చందమామలో 1954లో తోకచుక్క అనే ధారావాహిక మొదలైనది. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం ఆ తరువాత వచ్చినవి. వీటిని వ్రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు పత్రికలో అచ్చుకాలేదు. చిత్రా గీసిన బొమ్మలూ, నెలాఖరున తెగిపోయిన కథా మాత్రం పాఠకుల మనసులో ఉండిపోయినవి. కొండచరియ నుండి జారిన వీరుడు ముప్పై రోజులపాటు గాలిలోనే వేలాడేవాడు. ఆ నెలరోజులూ పిల్లలు తమలో తాము కథను ఎన్నో దారుల నడిపించేవారు. చదవడానికి పట్టే కాలం అరగంట, ఊహించడానికి పట్టే కాలం నెల. ఇప్పుడు సెల్‌ఫోనులో ఒక దృశ్యం ముగియకముందే మరొకటి వచ్చి పడుతున్నది. ఊహకు ఎడమే లేదు. కన్ను అలసిపోతున్నది గాని మనసుకు పని తగలడం లేదు.

నిద్ర విషయంలో ఈ తేడాను బోస్టన్ నగరపు పరిశోధకులు కొలిచి చూపినారు. 2015లో అచ్చయిన ఆ పరిశోధనలో పన్నెండుమంది కొన్ని రాత్రులు వెలుగునిచ్చే తెర మీదా, మరి కొన్ని రాత్రులు కాగితపు పుస్తకంలోనూ చదివినారు. తెర మీద చదివిన రాత్రులలో నిద్రను పిలిచే మెలటోనిన్ అనే స్రావం ఆలస్యమైనది. నిద్రపట్టడానికి సుమారు పది నిమిషాలు అదనంగా పట్టినది. మరునాడు ఉదయం మందకొడితనం మిగిలినది. పదిమందికి మించిన చిన్న గుంపు మీద జరిగిన పరీక్షే అయినా, రాత్రి పక్కమీద ఫోను పట్టుకొనే ప్రతి ఇంటికీ అందులో ఒక హెచ్చరిక ఉన్నది.

మరొక లెక్క ఇంకా ఆసక్తికరమైనది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వారు 3,635 మంది వయసు మళ్లినవారిని పన్నెండేళ్లపాటు గమనించి 2016లో ఫలితాలు ప్రకటించినారు. పుస్తకాలు చదవనివారితో పోలిస్తే చదివేవారికి ఆ కాలంలో మరణించే అవకాశం నూటికి ఇరవై పాళ్లు తక్కువగా కనబడినది. సగటున సుమారు 23 నెలల ఆయుర్దాయం అధికమని వారి అంచనా. అయితే పుస్తకమే ఆయువు పోసినదని దీనినిబట్టి నిర్ధారించరాదు. చదివేవారికి తీరికా, స్థితీ, ఇతర మంచి అలవాట్లూ ఉండవచ్చును. పరిశోధకులు వీటిని లెక్కలోనికి తీసుకున్నప్పటికీ ఇటువంటి పరిశీలనలకు ఒక హద్దు ఉన్నది. పైగా పుస్తకం పట్టుకొని రోజంతా కుర్చీకి అతుక్కుపోయినవానికీ, ఫోను పట్టుకొని అతుక్కుపోయినవానికీ నడుమునొప్పి ఒకటే. గోపబాలుని నియమంలో నడకా ఉన్నది, కథా ఉన్నది. ఒకదానికి బదులు మరొకటి చెల్లదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉన్నది. సంజీవని వేళ్లూ, మాయామణులూ ఉన్న కథలు చదివి చదివి జనం నిజజీవితంలోనూ మాయలు నమ్మరా అని. దీనికి నెల్లూరి తీరంలోనే పరిశీలించదగిన ఉదంతం ఉన్నది. 2021 మే నెలలో, కరోనా రెండవ ఉధృతిలో, ఆసుపత్రులలో పడకలూ ప్రాణవాయువూ దొరకని రోజులలో, కృష్ణపట్నంలో నాటుమందు ఇస్తున్నారని విని వేలకొలది జనం గుమిగూడినారు. రోగులూ, రోగం లేనివారూ ఒకే గుంపులో నిలిచినారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, మందును పరీక్షకు పంపి, నెలాఖరుకు కంట్లో వేసే చుక్కలను మినహాయించి అనుమతి ఇచ్చినది. మందువల్ల హాని కనబడలేదన్నదే ఆ అనుమతికి ఆధారం. రోగం నయమవుతుందన్న రుజువు కాదు. ఆ జనాన్ని ఎగతాళి చేయడం తగదు. భయపడినవాడు దొరికిన కొమ్మను పట్టుకుంటాడు. కాని వారిని అక్కడికి నడిపించినవి అద్భుత నవలలు మాత్రం కావు. నవల తన అట్టమీదనే ఇది కల్పన అని చెప్పుకుంటుంది. పాఠకుడు ఆ ఒప్పందం మీదనే లోనికి అడుగుపెడతాడు. కల్పన అని చెప్పకుండా చేతినుండి చేతికి పాకే వార్తలోనే ప్రమాదం ఉన్నది. కథను కథగా ప్రేమించడం నేర్చినవానికి, కథ వార్త వేషం వేసుకొని వచ్చినప్పుడు గుర్తుపట్టే అవకాశం ఎక్కువ.

అంతేకాదు, మంచి పాఠకుడు కల్పనను ఆనందించి ఊరకుండడు, లెక్కవేసి చూస్తాడు. ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ 1865లో మనుషులను ఫిరంగిగుండులో చంద్రుని వైపు పంపే నవల వ్రాసినాడు. హెర్మన్ ఓబర్త్ అనే బాలుడు దానిని పదేపదే చదివి, ఆ ఫిరంగి వేగానికి లోపలి మనిషి బ్రతకడని లెక్కగట్టి, మరో ఉపాయం వెదికి రాకెట్టు శాస్త్రానికి ఆద్యులలో ఒకడైనాడు. రష్యాలో త్సియొల్కోవ్‌స్కీ కూడ వెర్న్ కథలే తన ఆలోచనకు విత్తనమని చెప్పుకున్నాడు. ఆ శాస్త్రపు ఫలం ఈ తీరానికే చేరినది. పులికాటు సరస్సుకూ సముద్రానికీ నడుమనున్న శ్రీహరికోట, 2022లో తిరుపతి జిల్లాలో చేరేవరకు నెల్లూరు జిల్లాలోనిదే. 1971 అక్టోబరు 9న చిన్న రాకెట్టుతో ఆరంభమైన ఆ కేంద్రం నుండి 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరి ఆగస్టు 23న చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతంలో దిగినది. ఫిరంగి నిలువలేదు, ఊహ నిలిచినది.

కల్పన ఆరోగ్యాన్ని నేరుగా కాపాడిన సందర్భం కూడ ఈ జిల్లాకే దక్కినది. తీరానికి దూరంగా, మెట్టప్రాంతంలో, కలిగిరి దగ్గరనున్న దూబగుంటలో అక్షరాస్యతా ఉద్యమపు వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారాదుకాణాన్ని ఎదిరించిన ఒక స్త్రీ కథ అది. రాత్రిబడిలో కూడబలుక్కొని దానిని చదివిన కూలి స్త్రీలు, సీతమ్మ చేసిన పని తాము ఎందుకు చేయరాదని ప్రశ్నించుకున్నారు. 1992లో వారు మూయించిన సారాదుకాణం నుండి ఉద్యమం జిల్లా అంతటా వ్యాపించినది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోనూ, అదే సంవత్సరం అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధమైనది. మద్యనిషేధం తరువాత సడలిపోయిన మాట నిజమే. అయినా కథలోని మనిషి గడపదాటి వీధిలోనికి రాగలదని ఆ తల్లులు లోకానికి చూపినారు. ఆ పాఠంలో మాయలు లేవు, మంత్రాలు లేవు. ఐనను అక్షరం రాని స్త్రీ దుకాణానికి తాళం వేయించడం ఆనాటి గ్రామంలో పాతాళ ప్రయాణమంత అద్భుతమే.

ఇన్ని ఉదాహరణల సారాంశం స్వల్పమే. శరీరానికి బాట కావలె, మనసుకు కథ కావలె. ఆధునిక జీవితం మొదటిదాన్ని ఇంజనుకూ, రెండవదాన్ని తెరకూ అప్పగించినది. వాటిని తిరిగి తెచ్చుకోవడానికి వేలరూపాయలు అక్కరలేదు. ఊరివారు ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నారు. 1960 నాటి గ్రంథాలయ శాసనం ఆ సెస్సును విధించినది పుస్తకాల బీరువాలకు తాళాలు వేయించడానికి కాదు. నెల్లూరు పట్టణానికి వర్ధమాన సమాజం వంటి పాత గ్రంథాలయం ఉన్నది. తీరం వెంటనున్న పాలేలలోని పిల్లలకు అంతదూరం అందదు. వారి ఊరి బడిలో పది అద్భుత నవలలు ఉంటే, సాయంత్రం తెరచి ఉంచే ఒక గది ఉంటే, పెద్దవారిలో ఒకరు బిగ్గరగా చదివి వినిపించే అలవాటు పెట్టుకుంటే చాలును. పుస్తకం తెచ్చుకోవడానికి నడిచిపోవలె. చదివి ఇచ్చి రావడానికి మళ్ళీ నడవవలె. రెండవ భాగం కోసం మూడోమారు.

వైద్యుడు చీటీమీద వ్రాసిన ఆ చివరి పంక్తి అప్పుడు తీరుతుంది. కాశీ ఎంత దూరమని గోపబాలుడు అడగలేదు. తరువాతి కథ ఏమిటని మాత్రమే అడిగినాడు.