నిజాం నౌక, జపాన్ టార్పెడో

నాంపల్లి స్టేషన్‌లో దిగి అబిడ్స్ మీదుగా నడిస్తే కింగ్ కోఠి వచ్చేస్తుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాపురం ఉన్నది అక్కడే. ఆయన పిసినారితనం గురించి ఊరంతా కథలు. ఆ పిసినారే బ్రిటిష్ వాళ్లకు యుద్ధ విమానాలకు డబ్బిచ్చాడు, ఒక యుద్ధనౌకకూ ఇచ్చాడు. స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో జాన్ బ్రౌన్ కంపెనీ కట్టిన ఆ డెస్ట్రాయర్ 1941 జనవరిలో ఆస్ట్రేలియా నేవీలో చేరింది. పేరు 'నిజాం'. తీరం లేని సంస్థానానికి ఇదో ముచ్చట!

జపాన్ డెస్ట్రాయర్ పక్కన నిలబెడితే మాత్రం మన 'నిజాం' చిన్నబోతుంది. ఫిరంగుల లెక్క సరిసమానమే: దీనికి 120 మి.మీ.వి ఆరు, జపాన్ కగెరో తరగతికి 127 మి.మీ.వి ఆరు. తేడా అంతా టార్పెడోల దగ్గరే. బ్రిటిష్ టార్పెడో వ్యాసం 533 మి.మీ. కాగా, జపాన్ టైప్ 93ది 610. పొడవు 9 మీటర్లు, బరువు 2.7 టన్నులు, ముక్కులో దాదాపు 490 కిలోల పేలుడు పదార్థం.

దాని అసలు గుట్టు ఆక్సిజన్. మామూలు టార్పెడో ఇంజిన్ గాలితో నడుస్తుంది. గాలిలో ముప్పాతిక పైగా ఉన్న నత్రజని మండదు, బుడగలై పైకి తేలి నీటి మీద తెల్లటి చార గీస్తుంది. ఆక్సిజన్‌తో నడిపితే ఆ చార దాదాపు కనబడదు, దూరమూ పెరుగుతుంది. అలా సుమారు 50 నాట్ల వేగంతో 20 కిలోమీటర్లు వెళ్లేది. కాకపోతే మొదట్లోనే ఆక్సిజన్ వదిలితే ఇంజిన్ పేలిపోయే ప్రమాదం. అందుకని మామూలు గాలితో స్టార్ట్ చేసి, మెల్లగా ఆక్సిజన్‌కు మళ్లించేవారు. కగెరోకు గొట్టాలు ఎనిమిది, అదనంగా మరో ఎనిమిది టార్పెడోలు. ఒక విడత వదిలేసి, చీకట్లోకి తప్పుకుని, డెక్ మీదే మళ్లీ నింపుకుని తిరిగి రావచ్చు. అమెరికా నౌకాదళాన్ని రాత్రి పోరులో అరగదీయాలన్న పథకానికి కుట్టించిన చొక్కా అది.

మన తీరానికీ జపాన్ నౌకలు వచ్చాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసినవి ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు. అదే దళంలో పాత ఫుబుకి తరగతి డెస్ట్రాయర్లు బంగాళాఖాతంలో తిరిగాయి. వాటిలో అమగిరి ఒకటి. మరుసటి ఏడాది, తర్వాత అమెరికా అధ్యక్షుడైన కెనెడీ నడిపిన చిన్న టార్పెడో బోటును గుద్ది రెండు ముక్కలు చేసింది ఇదే.

ఇంతా చేసి, జపాన్ వాళ్లు ఆకాశం వైపు సరిగ్గా చూడలేదు. 'నిజాం' తరగతికి కట్టేటప్పుడే సగం టార్పెడో గొట్టాలు తీసేసి విమానాలను కొట్టే ఫిరంగి పెట్టారు. జపాన్ వాళ్లు ఒక టరెట్ తీసి 25 మి.మీ. తుపాకులు పెట్టడం మొదలెట్టింది 1943లో, నౌకలు చాలా మునిగాక. పైగా డెక్ మీది ఆక్సిజన్ టార్పెడోలకు నిప్పంటుకుంటే సొంత నౌకకే చేటు. చౌకగా, 28 నాట్ల వేగంతో, పైకి కూడా గురిపెట్టే ఫిరంగులతో మాత్సు తరగతి 1944లో వచ్చింది. నన్నడిగితే, వాళ్లు ముందే కట్టాల్సింది ఇలాంటివి. కగెరో తరగతి 19 నౌకల్లో యుద్ధం దాటి బతికింది యుకికాజే ఒక్కటే. అదీ తర్వాత చైనా నేవీకి పోయింది.

1945 సెప్టెంబర్ 2న జపాన్ లొంగుబాటు సంతకాలు జరిగినప్పుడు టోక్యో అఖాతంలో 'నిజాం' కూడా ఉంది. యుద్ధం ముగిశాక దాన్ని బ్రిటన్‌కు తిరిగి ఇచ్చేశారు. 1950ల్లో తుక్కుకు అమ్మేశారు.