మాట వినిపిస్తుంది, అర్థం కాదు

జగిత్యాల, సిరిసిల్ల, కోనసీమ నుంచి దుబాయి, అబుదాబి వెళ్లి సైట్లలో బ్రేకర్లు, గ్రైండర్లు పట్టేవాళ్లు చాలామంది. వాళ్లకు చెవుడు ఒక్కసారిగా రాదు. ముందు తగ్గేది శబ్దం కాదు, స్పష్టత. బోటిమ్ యాప్‌లో కాల్ చేస్తే ఇంటావిడ ‘పాలు’ అంటే ‘కాలు’ అన్నట్టుంటుంది. నెట్‌వర్క్ బాగాలేదనుకుంటాం. అదే ఫోన్ రూమ్మేట్ చెవి దగ్గర పెట్టి చూడండి, సంగతి తేలిపోతుంది.

ఎందుకిలా? లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సున్నితమైన కణాలు ఒక్కో చెవికి సుమారు 15 వేలు. పెద్ద చప్పుడుకు ముందు దెబ్బతినేవి సన్నటి, కీచు శబ్దాలను పట్టేవి. ప, క, త, స అక్షరాల తేడా చెప్పేది చాలావరకు ఆ సన్నటి శబ్దాలే. ‘ఆ’, ‘ఊ’ లాంటి అచ్చులకు బలమెక్కువ, అవి వినిపిస్తూనే ఉంటాయి. అందుకే ‘నాకేం, బాగానే వినపడుతోంది’ అంటాం. పోయిన కణాలు మళ్లీ పుట్టవు.

ఎంత చప్పుడైతే ప్రమాదం? చప్పుడును కొలిచే లెక్క డెసిబెల్. మామూలు మాట 60 ఉంటుంది. 85 దగ్గర రోజుకు 8 గంటలు హద్దు. ఆపైన 3 పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది: 88కి 4 గంటలు, 91కి 2, చివరికి 100కి 15 నిమిషాలే. కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ 100 దాటడం మామూలే. అంటే చాయ్ తాగేంతసేపట్లో రోజు కోటా అయిపోతుంది. కొలిచే మీటరు లేకపోయినా ఫరవాలేదు. చేయి చాపితే అందే మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందా? 85 దాటిందనుకోండి.

డ్యూటీ దిగాక చెవుల్లో గుయ్‌మంటుంది, తెల్లారేసరికి పోతుంది. పోయింది కదా అని వదిలేయకండి, అది హెచ్చరికే. మెస్‌లో నలుగురి మధ్య మాట అందకపోవడం, టీవీ సౌండ్ తగ్గించమని రూమ్‌లో గొడవలు కూడా గుర్తులే.

గులిమి కావచ్చు కదా? కావచ్చు. అది డాక్టరు చెవిలోకి చూస్తే తెలిసిపోతుంది. మీరు పుల్లలు పెట్టకండి. గులిమి కాకపోతే ఆడియోమెట్రీ చేస్తారు, అంటే హెడ్‌ఫోన్‌లో చిన్న చిన్న కూతలు వినిపించి ఎక్కడిదాకా వినగలరో చూసే పరీక్ష. నొప్పి ఉండదు. 2025 జనవరి నుంచి యూఏఈలోని ఏడు ఎమిరేట్లలోనూ ప్రైవేటు ఉద్యోగులకు ఆరోగ్య బీమా తప్పనిసరి. ఈ పరీక్ష మీ కార్డులో ఉందో లేదో క్లినిక్‌లో ముందే అడగండి. ఇయర్ ప్లగ్‌లు ఇవ్వాల్సింది కంపెనీయే, అడగడానికి మొహమాటం వద్దు.

ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్టయితే మాత్రం సెలవు రోజు దాకా ఆగకండి. కొన్నిసార్లు అది నరానికి సంబంధించినది, మందు మొదటి రోజుల్లో పడితేనే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. అదే రోజు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.